సముద్రాన్ని చూడాలంటే బండి ఆపాలి

(వేసవిలో తీరం వెంట బైక్ ప్రయాణానికి సిద్ధమవుతున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఈ ఎండాకాలం సముద్రం పక్కన బైకుల మీద పోదామనుకుంటున్నవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. ఏ బండి కొనాలి, ఏ కంపెనీ హెల్మెట్ మంచిది అనే జోలికి నేను పోను. ఒక్క మాట చెప్పాలని వచ్చాను. మిగతాదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. తీరం రోడ్డు మీద సముద్రాన్ని చూడాలంటే బండి ఆపాలి. నడుపుతూ చూడకూడదు. ఆపి చూడాలి.

ఇది అందరికీ తెలిసిందే కదా అంటారా? సరే, లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మీరు పోతున్నారు, పక్కన నీళ్లు తళుక్కుమన్నాయి, తల తిప్పి రెండు సెకన్లు చూశారు. ఈలోగా బండి 33 మీటర్లు పోయింది. ఆ 33 మీటర్లలో రోడ్డు మీద ఏముందో మీకు తెలియదు. 80 మీద ఉంటే 44 మీటర్లు. రెండు సెకన్లు ఎక్కువేం కాదు అనుకుంటాం. సముద్రాన్ని రెండు సెకన్లు చూస్తే మనసు నిండుతుందా చెప్పండి? నిండదు. మళ్లీ చూస్తాం. మళ్లీ చూస్తాం.

కారు నడిపేవాళ్లకూ ఈ ప్రమాదం ఉంది. కానీ బైకుకు ఇంకో గుణం ఉంది. చూపు ఎటు పోతే బండి అటు పోతుంది. మలుపులో ఉన్నప్పుడు మలుపు చివర ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ చూడాలని నేర్పుతారు కదా, ఎందుకు? తల తిరిగితే భుజాలు తిరుగుతాయి, భుజాలు తిరిగితే చేతుల బరువు హ్యాండిల్ మీద మారుతుంది. మనకు తెలియకుండానే జరుగుతుంది ఇదంతా. రోడ్డు మీద గుంతను చూసి భయపడి దాన్నే చూస్తూ ఉండిపోయినవాడు ఆ గుంతలోకే పోతాడు. ఇప్పుడు తీరం రోడ్డు తీసుకోండి. సముద్రం అన్నిటికంటే అందంగా కనిపించేది ఎక్కడ? మలుపు బయటి అంచున. మీ బండి పోకూడని చోటు ఏది? అదే. అందమూ ప్రమాదమూ ఒకే చోట ఉన్నాయి. అందుకే అంటున్నాను, ఆపి చూడాలి.

మరి ఆపి చూడాలంటే ఏం కావాలి? టైం కావాలి. ఇక్కడే చాలామంది ప్లాన్ తప్పుతుంది. మ్యాపు తెరుస్తారు, దూరం చూస్తారు, సగటు వేగంతో భాగిస్తారు. ఆస్ట్రేలియాలో గ్రేట్ ఓషన్ రోడ్డు ఉంది. టార్క్వే నుంచి అలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు. లెక్క ప్రకారం ఒక్క పూట పని. ఆ రోడ్డు ఎవరు వేశారో తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు. సుమారు మూడు వేల మంది. 1919లో మొదలుపెట్టి 1932 దాకా, ఎక్కువ భాగం పలుగూ పారా పట్టుకుని, కొండ అంచుల్ని తొలిచి వేశారు. యుద్ధంలో చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకంగా వేసుకున్న రోడ్డు అది. పదమూడేళ్లు తొలిచిన రోడ్డును మనం ఒక్క పూటలో దాటేసి, అయిపోయింది అంటే ఎలా? నా మాట వినండి, దానికి కనీసం రెండు రోజులు పెట్టుకోండి. మూడైతే ఇంకా మంచిది.

నార్వేలో అట్లాంటిక్ రోడ్డు అని ఉంది. 1989లో తెరిచారు. మొత్తం పొడవు 8 కిలోమీటర్లు దాటి కొంచెం, అంతే. ఆ కాస్త దూరంలో ఎనిమిది వంతెనలు, దీవి నుంచి దీవికి. ఆగకుండా పోతే పది నిమిషాల్లో అయిపోతుంది. పది నిమిషాల కోసం అంత దూరం ఎవరైనా పోతారా? కానీ పోతున్నారు. ఎందుకంటే అక్కడ ఆగుతారు, వెనక్కి తిరిగి మళ్లీ వస్తారు, ఉదయం ఒకలా సాయంత్రం ఇంకోలా ఉంటే రెండూ చూస్తారు. కాబట్టి రోజుకు ఎన్ని కిలోమీటర్లు అని ప్లాన్ చేయకండి. రోజుకు ఎన్ని చోట్ల ఆగుతాం అని ప్లాన్ చేయండి. ముందు రోజు రాత్రే మ్యాపులో ఆగే చోట్లు గుర్తు పెట్టుకోండి. పక్కకు తీసి నిలపడానికి జాగా ఉందా, నీడ ఉందా, మలుపుకు మరీ దగ్గరగా ఉందా, ఇవి చూసుకోండి. ఇంకో పది నిమిషాల్లో ఆగుతాం అని తెలిస్తే కళ్లు రోడ్డు మీద నిలుస్తాయి. ఎక్కడ ఆగుతామో తెలియకపోతేనే అవి పక్కకు పోతాయి.

ఇక దిక్కు సంగతి. ఒకే రోడ్డును రెండు దిక్కుల నుంచి పోవచ్చు. ఎటునుంచి పోవాలి? దీని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నేనైతే మీరు సముద్రం వైపు లేన్‌లో ఉండేలా దిక్కు ఎంచుకోమంటాను. ఎడమపక్కన నడిపే దేశంలో సముద్రం ఎడమచేతి వైపు ఉండాలి. కుడిపక్కన నడిపే చోట కుడిచేతి వైపు ఉండాలి. అంటే గ్రేట్ ఓషన్ రోడ్డుకు టార్క్వేలో మొదలుపెట్టి పడమటికి పోవాలి. కాలిఫోర్నియా హైవే 1 మీద ఉత్తరం నుంచి దక్షిణానికి రావాలి. కెనడా నోవా స్కోషియాలో కాబట్ ట్రైల్ దాదాపు 300 కిలోమీటర్ల చుట్టు రోడ్డు, దాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి. ఐర్లండ్‌లో వైల్డ్ అట్లాంటిక్ వే మీద దక్షిణం నుంచి ఉత్తరానికి.

ఎందుకు అంటే, దృశ్యం బాగా కనిపిస్తుందని ఒక్కటే కాదు. ఆగాలనుకున్నప్పుడు ఎదురు వచ్చే వాహనాల్ని దాటి అవతలి పక్కకు పోనక్కర్లేదు. మళ్లీ బయలుదేరేటప్పుడూ దాటనక్కర్లేదు. మలుపుల రోడ్డు మీద అడ్డంగా దాటడం ఎంత టెన్షనో నడిపినవాళ్లకు తెలుసు. రోజుకు పదిసార్లు ఆగితే ఇరవైసార్లు దాటడం తప్పుతుంది. ఇదీ అసలు లాభం. అయితే ఎత్తు అంటే భయం ఉన్నవాళ్లు, మలుపులు ఇంకా అలవాటు కానివాళ్లు మాత్రం కొండ పక్క లేన్ వచ్చే దిక్కులోనే పోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. దక్షిణాఫ్రికాలో చాప్‌మన్స్ పీక్ రోడ్డు 9 కిలోమీటర్లే, అందులో 114 మలుపులు. అలాంటి చోట అంచు పక్కన భయపడుతూ నడపడం కంటే కొండ పక్కన నిబ్బరంగా నడపడం వెయ్యి రెట్లు మేలు.

వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ఇప్పుడు గాలి గురించి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే వేసవిలో తీరం రోడ్డు మీద బండిని సగం నడిపేది గాలే. ఎండ పడగానే నేల తొందరగా వేడెక్కుతుంది. నీళ్లు వేడెక్కడానికి ఇసుక కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ వేడి కావాలి, పైగా సముద్రపు నీళ్లు కిందికీ పైకీ కలుస్తూ ఉంటాయి కాబట్టి ఆ వేడి లోతుకు పోతుంది. నేల మీద గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఇది తెల్లారగానే మొదలుకాదు. పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం దాటాక బలం పుంజుకుని, సాయంత్రానికి తగ్గుతుంది. ఏ దేశంలోనైనా ఇదే పద్ధతి. అంటే మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మీకు పక్క నుంచి గాలి కొడుతుంది, అదీ సముద్రం పక్క నుంచే. ముందే తెలిసిన విషయం ఇది, అక్కడికి పోయి ఆశ్చర్యపోనక్కర్లేదు.

పక్కగాలి కొడితే బండిని గాలి వచ్చే వైపు కాస్త వంచి నడుపుతాం. తిన్నగా పోవాలంటే అలా వంచాల్సిందే. మరి గాలి ఒక్కసారిగా ఆగిపోతే? రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఒక గుట్ట వచ్చింది, లేదా వరసగా భవనాలు వచ్చాయి. గాలి ఆగింది, కానీ మీ బండి ఇంకా సముద్రం వైపు వంగే ఉంది. ఏమవుతుంది? అటే జరుగుతుంది. మీరు అంచు పక్క లేన్‌లో ఉంటే అంచు వైపు జరుగుతుంది. ఆ గుట్ట దాటగానే గాలి మళ్లీ కొడుతుంది, ఈసారి రోడ్డు మధ్యకు, ఎదురు వాహనాల వైపు నెడుతుంది. గాలి వల్ల వచ్చే తంటా అంతా ఈ రెండు క్షణాల్లోనే ఉంది. నిలకడగా కొట్టే గాలికి చేతులు అలవాటు పడతాయి. ఆగి కొట్టే గాలికే పడవు.

దీనికి ఏం చేయాలి? ముందుకు చూసి, ఎక్కడ గాలి ఆగుతుందో ఎక్కడ మొదలవుతుందో అంచనా వేయాలి. వంతెన కనిపించిందా, కొండ చీలిక కనిపించిందా, అక్కడ గాలి ఉంటుంది. అక్కడికి చేరకముందే వేగం తగ్గించండి. లేన్‌లో రెండు పక్కలా జాగా ఉండేలా నడపండి. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకోండి, చేతులు మాత్రం వదులుగా ఉంచండి. చాలామంది దీనికి తలకిందులు చేస్తారు, గాలి కొట్టగానే హ్యాండిల్‌ను బిగపడతారు. చేతులు బిగిస్తే మీ ఒంటి మీద పడిన ప్రతి గాలిపోటూ నేరుగా ముందు చక్రానికి పోతుంది. మీ ఛాతీ, హెల్మెట్, వీపు మీది బ్యాగు, ఇవన్నీ గాలికి తెరచాపలే. ఇంకో మాట, గాలి వేగం రెట్టింపయితే నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి వెనక సీటు మీద సామాను ఎత్తుగా కట్టకండి. బరువైనవి కిందకి, పక్క బ్యాగుల్లోకి పోవాలి.

అందుకే రోజును ఇలా కోసుకోమంటాను. తెల్లారకముందే లేవండి, వెలుగు రాగానే బయలుదేరండి. ఉదయం పూట గాలి ఉండదు, ట్రాఫిక్ ఉండదు, ఎండ ఉండదు. ఆ రోజు పోవాల్సిన దూరంలో ఎక్కువ భాగం పదకొండులోపే పూర్తి చేయండి. మధ్యాహ్నం నీడలో ఉండండి, తినండి, పడుకోండి. సాయంత్రం గాలి తగ్గాక కొంచెం దూరం, అదీ చీకటి పడకముందే. సాయంత్రం పడమటికి పోతుంటే ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, నీళ్ల మీద నుంచి మళ్లీ కొడుతుంది. మీకు ఎదుటివాళ్లు కనిపించరు. తూర్పుకు పోతుంటే మీకు అంతా బాగా కనిపిస్తుంది, కానీ ఎదురు వచ్చేవాళ్లకు మీరు కనిపించరు. ఈ రెండోది గుర్తుంచుకోండి, చాలామంది మర్చిపోతారు. ఉత్తర దేశాల వేసవిలో ఇంకో తంటా ఉంది. నార్వే తీరంలో జూన్‌లో రాత్రి పదకొండు దాటినా వెలుగు ఉంటుంది. వెలుగుంది కదా అని నడుపుతూనే పోతారు. వెలుగు ఉన్నా ఒళ్లు అలిసిపోతుంది. గడియారం చూసి ఆపండి, ఆకాశం చూసి కాదు.

ఎండ మాట కూడా చెప్పాలి. గాలి తగిలితే చల్లగా ఉంటుంది కదా అని చొక్కా చేతులు మడిచి, జాకెట్ విప్పేసి నడిపేవాళ్లున్నారు. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకే అది మనల్ని చల్లబరుస్తుంది. నలభై డిగ్రీల గాలి ఎంత వేగంగా తగిలితే ఒంట్లోకి అంత వేడి ఎక్కుతుంది. అప్పుడు ఒళ్లు కప్పుకుని ఉండటమే చల్లదనం. వలలాంటి గుడ్డతో కుట్టిన జాలీ జాకెట్లు మంచివి, గాలి ఆడుతుంది, పడితే చర్మం మిగులుతుంది. తడిపి వేసుకునే వెస్టులు పొడిగాలి ఉన్న చోట బాగా పనిచేస్తాయి. తీరంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి నీరు ఆరదు, ఆరకపోతే చల్లబడదు. అక్కడ వాటి మీద ఆశ పెట్టుకోకండి. అదే కారణంతో చెమట కూడా ఆరదు, కారిపోతూనే ఉంటుంది. దాహం వేశాక తాగుదాం అనుకుంటే ఆలస్యమైనట్టే. ఆగిన ప్రతిచోటా కొన్ని గుక్కలు తాగండి, చెమటతో పోయిన ఉప్పు కూడా లోపలికి పోవాలి.

సముద్రపు గాలి చేసే మోసం ఇంకొకటి ఉంది. అది చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ తెలియదు. మెడ వెనక, గ్లవ్స్‌కీ చొక్కా చేతికీ మధ్య మణికట్టు, ఈ రెండు చోట్లా సాయంత్రానికి కాలిపోయి ఉంటుంది. తలనొప్పి, చిరాకు, గేరు మార్చడంలో తడబాటు వచ్చాయంటే ఇంకో కిలోమీటరు కూడా పోకండి, నీడ దొరికిన చోట ఆగిపోండి. తోటివాడు తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే హెల్మెట్, జాకెట్ తీసి, ఒంటిని నీళ్లతో తడిపి గాలి విసరండి, అంబులెన్స్ పిలవండి. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందిలే అని చూస్తూ కూర్చోవద్దు. ఇది చాలా గట్టిగా చెబుతున్నాను.

అన్ని తీరాలూ వేడిగా ఉండవు, అదీ తెలుసుకోండి. కాలిఫోర్నియా తీరంలో చల్లని సముద్ర ప్రవాహం వల్ల జూన్, జూలైల్లోనే పొగమంచు కమ్ముతుంది. కొంచెం లోపలికి పోతే మండే ఎండ, తీరం మీద చలి. పది పదిహేను డిగ్రీల తేడా అక్కడ మామూలే. అక్కడికి పోయేవాళ్లు వేసవే కదా అని పలుచటి బట్టలతో పోవద్దు.

రోడ్డు పైభాగం గురించి కొన్ని మాటలు. తీరం రోడ్డు మీదికి గాలి ఇసుక తెస్తుంది. ఇసుక పల్చగా పరుచుకుని ఉంటే దూరం నుంచి కనిపించదు, రోడ్డు రంగు కాస్త మారినట్టు ఉంటుందంతే. అక్కడ బండి వంచకండి, ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. ముందే వేగం తగ్గించి, బండి నిటారుగా ఉంచి దాటండి. పగుళ్లకు తారు పోసిన చోట్లు ఎండకు మెత్తబడి జారతాయి. ఆగేటప్పుడు సైడ్ స్టాండ్ కింద చదునైన రాయో చెక్కముక్కో పెట్టండి. వేడెక్కిన తారులోకీ ఇసుకలోకీ స్టాండ్ నెమ్మదిగా దిగిపోతుంది, మీరు ఫోటో తీసుకుని వచ్చేసరికి బండి పడి ఉంటుంది. కొండ అంచుకు మరీ దగ్గరగా బండి నిలపకండి, మీరూ నిలబడకండి. ఆ అంచులు గట్టివి కావు. గ్రేట్ ఓషన్ రోడ్డు పక్కన లండన్ బ్రిడ్జ్ అనే రాతి తోరణం 1990 జనవరిలో కూలింది, అవతలి రాతి మీద ఇద్దరు చిక్కుకుపోయారు, హెలికాప్టర్ వచ్చి దింపాల్సి వచ్చింది. అక్కడికి దగ్గర్లోనే ట్వెల్వ్ అపోసిల్స్ అనే రాతి స్తంభాల్లో ఒకటి 2005 జూలైలో కుప్పకూలింది. సముద్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది.

రోడ్లూ అంతే. కాలిఫోర్నియా బిగ్ సర్ దగ్గర 2017 మే నెలలో కొండచరియ విరిగి హైవే 1 మీద పడితే, మళ్లీ తెరవడానికి 2018 జూలై దాకా పట్టింది. చాప్‌మన్స్ పీక్ రోడ్డు రాళ్లు పడుతున్నాయని 2000లో మూసి, వలలు కట్టి 2003 చివర్లో తెరిచారు. కాబట్టి బయలుదేరే ముందు రోజు రోడ్డు తెరిచి ఉందా లేదా అక్కడి రోడ్ల శాఖ సమాచారంలో చూసుకోండి. మ్యాపులో గీత ఉన్నంత మాత్రాన రోడ్డు ఉన్నట్టు కాదు. తీరం రోడ్డుకు చాలాచోట్ల పక్కదారి ఉండదు, మూసి ఉంటే కొండ చుట్టూ తిరిగి రావాల్సిందే. అంత పెట్రోలు, అంత పగలు మిగలాలి.

గుంపుగా పోయేవాళ్లకు ఒక్కటే చెబుతాను. అందరికంటే నెమ్మదిగా నడిపేవాళ్లను ముందు ఉంచండి. ఆగే చోట్లు అందరివీ ఒకటే. ఆగే చోట్లు ముందే చెప్పుకుని ఉంటే వెనకబడినవాడు హడావిడి పడడు. హడావిడి పడకపోతే వాడూ క్షేమం, మీరూ క్షేమం.

చివరగా బండి సంగతి చెప్పి ప్రశ్నలకు వస్తాను. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. ఎండలో నడిపాక ఒత్తిడి పెరిగి కనిపిస్తుంది, పెరిగింది కదా అని తీసేయకండి, రాత్రి చల్లబడ్డాక తక్కువైపోతుంది. ఉప్పు గాల్లోని తేమను లాక్కుంటుంది, అందుకే తీరంలో తిరిగిన బండి ఎండలో ఉన్నా తుప్పు పడుతుంది. చైనుకు ఇసుకా ఉప్పూ రెండూ శత్రువులే. వీలైతే రోజూ సాయంత్రం తుడిచి నూనె పెట్టండి. హెల్మెట్ వైజర్ మీద ఉప్పు పొర కడుతుంది, పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. తడిగుడ్డ కాసేపు దాని మీద కప్పి ఉంచి, తర్వాత మెల్లగా తుడవండి. ఇంటికొచ్చాక ఇంజిన్ చల్లబడేదాకా ఆగి మంచినీళ్లతో బండి మొత్తం కడగండి, కింది భాగం మర్చిపోవద్దు. ప్రెషర్ వాషర్ మాత్రం చక్రాల బేరింగుల మీదా చైను మీదా కొట్టించకండి, గ్రీజు పోయి నీళ్లు లోపలికి చేరతాయి. మామూలు పైపు చాలు. కడిగాక కాస్త దూరం నడిపి, బ్రేకులు రెండు మూడుసార్లు పట్టి ఆరబెట్టి, అప్పుడు చైనుకు మళ్లీ నూనె పెట్టండి. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా పట్టిందేమో కూడా చూడండి.

ఇక మీరు అడగండి. ఏ తీరానికి, ఏ నెలలో పోతున్నారో చెబితే ఎటునుంచి పోతే మంచిదో, ఎక్కడెక్కడ ఆగొచ్చో మ్యాపు ముందు పెట్టుకుని చూద్దాం.